మూడు క్రీముల్లో నా మొహానికి పడేది ఏది?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది చంద్రగిరి. వయసు 29. తిరుపతిలో ఒక చీరల షాపులో సేల్స్‌లో పని చేస్తాను. రోజూ స్కూటీ మీద వచ్చి పోతాను. షాపులో పొద్దున నుంచి రాత్రి దాకా ఏసీ, లైట్లు. మధ్యాహ్నానికి ముక్కు, నుదురు జిడ్డుగా మెరుస్తాయి. బుగ్గలు మాత్రం బిగుసుకుపోయి పొట్టు లేస్తాయి. నా దగ్గర ఇప్పుడు మూడు క్రీములున్నాయి. ఒకటి అమెరికాలో ఉండే మా చిన్నాన్న కూతురు తెచ్చిన పెద్ద డబ్బా, బాగా చిక్కగా ఉంటుంది. రెండోది పార్లర్‌లో ఇచ్చిన తెల్ల డబ్బా. దాని మీద పేరు లేదు, ‘మేమే తయారు చేయించాం, పెళ్ళికూతుళ్ళకి ఇదే ఇస్తాం’ అన్నారు. మూడోది మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు. పక్కింటి అక్క వాడుతోందని నేనూ నాలుగు నెలలుగా రాత్రిళ్ళు రాస్తున్నా. మొదట్లో మొహం భలే తేటపడింది. ఇప్పుడు ఎండలో వస్తే ఎర్రబడి మండుతోంది. గడ్డం దగ్గర చిన్న మొటిమలు, నూగు వెంట్రుకలు వస్తున్నాయి. రెండు రోజులు మానేస్తే ఇంకా ఎక్కువవుతోంది, అందుకే మళ్ళీ రాస్తున్నా. మెడ వెనక కూడా నల్లబడింది, ఎంత రుద్దినా పోవడం లేదు. మా అమ్మ ‘పెరుగూ శనగపిండీ పూసుకోకుండా ఈ డబ్బాలెందుకు మే, దేవుడిచ్చిన రంగు క్రీముకి మారతాదా?’ అంటుంది. మాఘంలో మా చెల్లెలి పెళ్ళి. ఈ మూడింట్లో నాకు పడేది ఏది? లేక వేరేది కొనాలా? ఇంకో మాట, మా ఆయన కూడా నా క్రీమే పూసుకుంటున్నాడు, పర్వాలేదా?
ఒక పాఠకురాలు, చంద్రగిరి

జవాబు: మీరు మూడింటి గురించి అడిగారు. నేను మూడోదాంతో మొదలుపెడతాను. అది తేలితే గానీ మిగతా రెండింటి మాట, కొత్తది కొనే మాట తేలవు.

ట్యూబు పేరు మీరు రాయలేదు. అయినా మీరు చెప్పిన వరస చూడండి. రాసిన కొత్తలో మొహం తేటపడింది. తర్వాత ఎండకు ఎరుపు, మంట. ఆ తర్వాత మొటిమలు, నూగు. మానేస్తే అన్నీ ఎక్కువ, రాస్తే మళ్ళీ అణుగుతాయి. ఈ వరస వినగానే ఏ చర్మ డాక్టరైనా అడిగేది ఒకటే, ‘ఏ ట్యూబు రాస్తున్నావమ్మా?’ అని. స్టెరాయిడ్ కలిసిన క్రీము నెలల తరబడి మొహానికి రాస్తే జరిగేది దాదాపు ఇదే. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే, ఇలా పాడైన మొహానికి ఇక్కడి చర్మ వైద్యులు ప్రత్యేకంగా ఒక జబ్బు పేరే పెట్టాల్సి వచ్చింది.

స్టెరాయిడ్ చెడ్డ మందేమీ కాదు. ఎగ్జిమాకు, కొన్ని రకాల అలర్జీ దద్దుర్లకు చాలా బాగా పనిచేస్తుంది. అయితే ఎంత బలమైనది, ఒంట్లో ఎక్కడ, ఎన్నాళ్ళు అన్నది డాక్టర్ లెక్క చూసి చెప్పాలి. మొహం మీద చర్మం పల్చన కాబట్టి అక్కడ ఈ మందు త్వరగా లోపలికి దిగుతుంది. మొదట్లో చర్మం కింద ఉండే సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. ఎరుపు తగ్గి మొహం తెల్లబడినట్టు కనిపిస్తుంది, మొటిమలు అణిగిపోతాయి. అద్దంలో చూసుకుని మురిసిపోతాం. కానీ రోజులు గడిచేకొద్దీ చర్మం ఇంకా పల్చబడుతుంది, నాళాలు ఎర్రటి దారాల్లా పైకి కనిపిస్తాయి, ఎండనూ వేడినీ ఓర్చుకోలేదు. మానేసిన రోజున ముడుచుకున్న నాళాలన్నీ ఒక్కసారి విప్పారి మొహం భగ్గుమంటుంది. అప్పుడే అందరూ పొరబడతారు. ‘మానేస్తే ఎక్కువవుతోందంటే నాకు ఇదే పడింది’ అనుకుని మళ్ళీ అదే ట్యూబు కొంటారు. నాలుగు నెలలుగా మీ విషయంలో జరుగుతున్నది అదే.

ఒకసారి లేచి ఆ ట్యూబు తెచ్చుకోండి. కొనేవాళ్ళు పైట మీద జరీ చూసి మురిసిపోతుంటే మీరు చీర తిప్పి వెనకవైపు పోగు చూపిస్తారు కదా, క్రీమును కూడా అలాగే వెనక్కి తిప్పి చూడాలి. సన్న అక్షరాల్లో మందుల పేర్లుంటాయి. బెటామెథసోన్, క్లోబెటాసోల్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, వీటిలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. దాంతో పాటు హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్ అని కూడా ఉంటే, అది మంగు మచ్చలకు డాక్టర్లు కొన్ని వారాల పాటు, మధ్యమధ్యలో చూస్తూ రాయించే మూడు మందుల మిశ్రమం. మన ఊళ్ళలో అదే ‘తెల్లబడే క్రీము’ పేరుతో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోతోంది. ట్యూబు మీద ఆర్‌ఎక్స్ గుర్తు, ఎర్ర గీత, ‘షెడ్యూల్ హెచ్’ అన్న మాట ఉన్నాయేమో కూడా చూడండి. ఉంటే అది చీటీ చూసి మాత్రమే అమ్మాల్సిన మందు. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ ఇలాంటి 14 స్టెరాయిడ్ పూతమందులను ఆ షెడ్యూల్ కిందికి తెచ్చింది. మీకు మాత్రం అడగ్గానే ఇచ్చేశారు, అదీ మన దగ్గర నియమం నడిచే తీరు. ట్రెటినోయిన్ ఉందని తేలితే మాత్రం ఒక జాగ్రత్త. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నా, నెల తప్పినా ఇక ఆ ట్యూబు ముట్టుకోవద్దు. డాక్టర్‌తో ఆ మాట ముందే చెప్పండి.

ఇన్ని నెలలు రాశాక దాన్ని ఒక్కసారిగా మానాలా, మెల్లగా తగ్గించాలా అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పకూడదు. ఎంత బలమైన స్టెరాయిడో, చర్మం ఎంత పాడైందో చూసి డాక్టర్ చెప్పాలి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మ విభాగం ఉంది, ఓపీ చీటీ తీసుకుంటే చాలు. ప్రైవేటులో చూపించుకుంటామంటే మీ ఇష్టం. కాకపోతే వెళ్ళేది చర్మ వైద్యుల దగ్గరికేనా అని బోర్డు మీద డిగ్రీ చూసి వెళ్ళండి. లేజర్ మిషను ఉన్న ప్రతి గదీ స్కిన్ క్లినిక్కే అయిపోయిన కాలమిది. వెళ్ళేటప్పుడు ట్యూబు చేతిలో ఉండాలి. ‘ఏదో క్రీము రాశానండీ’ అంటే డాక్టర్‌కు ఏమీ తెలియదు.

కుదుటపడటానికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. మధ్యలో మొహం ఇప్పటికంటే ఎర్రబడి భయపెట్టే రోజులు కూడా వస్తాయి. అది ముందే తెలిస్తే టెన్షన్ పడి మళ్ళీ ట్యూబు తియ్యరు. పెళ్ళి మాఘంలో అన్నారు కాబట్టి ఈ వారమే వెళ్ళండి. ‘ఫొటోల దాకా రాసి, పెళ్ళయ్యాక మానేద్దాం’ అని మనసు లాగుతుంది. అలా చేస్తే ఆ నెలలు కూడా లెక్కలో కలుస్తాయి, పైగా పెళ్ళి పనుల్లో పొయ్యి దగ్గరా ఎండలోనూ తిరిగితే మొహం కందిపోయేది ఆ రోజే. ఈలోగా బ్లీచ్, ఫేషియల్, స్క్రబ్ ఏవీ వద్దు. చెల్లెలితో పాటు ప్యాకేజీలో మీకూ చేస్తామని పార్లర్ వాళ్ళు అంటారు. చేతులకు గోరింటాకు పెట్టించుకుని ఊరుకోండి.

పార్లర్ మాట వచ్చింది కాబట్టి ఆ తెల్ల డబ్బా సంగతి. వాడొద్దు. మన దేశంలో అమ్మే క్రీము మీద తయారు చేసినవాళ్ళ పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటి లోపు వాడాలి, లోపల ఏమేమి ఉన్నాయి అన్నవన్నీ ఉండాలి. బయటి దేశం నుంచి తెచ్చి అమ్మే సరుకైతే రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. మీ డబ్బా మీద ఇందులో ఒక్కటీ లేదు. లోపల ఉన్నది మెడికల్ షాపు ట్యూబు లాంటిదే అయ్యుండవచ్చు. పాదరసం ఉంటే అంతకంటే ప్రమాదం. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కాకుండా పాదరసం అడ్డుపడుతుంది, అందుకే మొహం చూస్తుండగానే తెల్లబడుతుంది. అదే పాదరసం చర్మం గుండా ఒంట్లోకి చేరి కిడ్నీలను దెబ్బతీస్తుంది. కాస్మెటిక్స్‌లో పాదరసం కలపకూడదని 2020 నాటి నియమాల్లో స్పష్టంగా ఉంది. అయినా 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో ఆసుపత్రికి వచ్చిన కొందరిని ఆరా తీస్తే, వాళ్ళలో చాలామంది ఊరూ పేరూ లేని ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్ళే.

డబ్బా ఇచ్చేటప్పుడు ‘బంగారం, వెండి తగలనీయకండి’ అన్నారేమో గుర్తు తెచ్చుకోండి. ముక్కుపుడక, చెయిన్ తీసి రాసుకోమని చెప్పారంటే పాదరసం ఉందని గట్టిగా అనుమానించాలి, ఎందుకంటే అది బంగారాన్ని పట్టుకుంటుంది. ఈ డబ్బాలోది కూడా కొన్నాళ్ళు రాసి ఉంటే ఆ మాట డాక్టర్‌తో చెప్పండి. పాదాల వాపు, మూత్రంలో నురగ లాంటివి ఉంటే తప్పకుండా చెప్పండి. డబ్బాను సింకులో కడిగేయకుండా మూత బిగించి, కవర్లో చుట్టి, దాన్ని కూడా ట్యూబుతో పాటు తీసుకెళ్ళండి.

అమెరికా డబ్బాతో ఏ గొడవా లేదు. కాకపోతే అది మన ఊరి ఎండకు తయారైన సరుకు కాదు. బయట మంచు, లోపల హీటర్ ఉండే ఇళ్ళలో చర్మం ఎండిపోతుంది. అలాంటి చోట చర్మం మీద పొరలా కూర్చుని లోపలి తడిని ఆపడానికి పెట్రోలాటం, షియా బటర్ లాంటివి దండిగా వేస్తారు. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో పొద్దున్నే దాన్ని మొహానికి పట్టించి హెల్మెట్ పెట్టుకుంటే, శ్రీనివాసమంగాపురం దాటేలోపే చెమటా క్రీమూ కలిసి కళ్ళలోకి కారతాయి. ముక్కు, నుదురు జిడ్డు అంటున్నారు, అక్కడ రంధ్రాలు మూసుకుని మొటిమలూ రావచ్చు. మడమలకు, మోచేతులకు, రోజంతా చీరలు మడిచి మడిచి పొడిబారిన చేతులకు రాత్రిపూట రాసుకోండి. డబ్బా వెనక మూత తెరిచిన డబ్బీ బొమ్మ, అందులో 12 అంకె పక్కన ఎం అక్షరం ఉంటే, తెరిచాక 12 నెలల్లో వాడేయాలని అర్థం. మీ చిన్నాన్న కూతురు ఎప్పుడు తెచ్చిందో, మీరు ఎప్పుడు తెరిచారో చూసుకోండి. బయటి దేశం నుంచి వచ్చిన డబ్బాలను మనవాళ్ళు బీరువాలో దాచి దాచి వాడతారు, దాని గడువు అక్కడే అయిపోతుంది.

ఇక మీ చర్మం ఏ రకం? ముక్కు, నుదురు జిడ్డు, బుగ్గలు పొడి అంటే ఎవరైనా కాంబినేషన్ స్కిన్ అంటారు. నేను ఇప్పుడే ఆ మాట అనను. ట్యూబు ప్రభావంలో ఉన్న చర్మం తన అసలు తీరు చూపించదు. మీ బుగ్గల మీద పొట్టు ట్యూబులో ట్రెటినోయిన్ ఉంటే దాని వల్ల లేచి ఉండవచ్చు, ఏసీ గాలి వల్ల కావచ్చు, సబ్బు వల్ల కూడా కావచ్చు. డాక్టర్ చికిత్స అయ్యి మొహం నెమ్మదించాక, సెలవు రోజున పరీక్ష చేసుకోండి. తేలికపాటి ఫేస్‌వాష్‌తో కడిగి, మెత్తగా అద్ది, ఏమీ రాయకుండా గంట సేపు వదిలేయండి. ఏసీ కింద, వంటింట్లో కాకుండా మామూలు గదిలో ఉండండి. తర్వాత పల్చటి టిష్యూ కాగితం నుదుటికి, ముక్కుకి, రెండు బుగ్గలకూ విడివిడిగా అద్దండి. అన్ని చోట్లా నూనె మరక పడితే జిడ్డు చర్మం. ఎక్కడా పడకుండా మొహం లాగినట్టు ఉంటే పొడి చర్మం. మధ్యలో పడి బుగ్గల మీద పడకపోతే ఇందాక అన్న కాంబినేషన్ స్కిన్. ఏం రాసినా దురద, చురచుర అయ్యేవాళ్ళది సున్నితమైన చర్మం. అలాంటివాళ్ళు జిడ్డా పొడా అన్నదాని కంటే ముందు వాసన లేని క్రీము వెతుక్కోవాలి.

సబ్బు అన్నాను. షాపులో జిడ్డు కనిపించినప్పుడల్లా వాష్‌రూమ్‌కి వెళ్ళి ఒంటి సబ్బుతో మొహం కడుగుతున్నారా? సబ్బు క్షార గుణం కలది, దాని పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. చర్మానిది 5 దగ్గర. రోజుకు నాలుగైదు సార్లు సబ్బు పెడితే చర్మం మీద ఉండాల్సిన నూనె కూడా పోతుంది, బుగ్గలు చిట్లిపోతాయి. వీధిలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఇంకా కష్టం. సబ్బు నురగ రాదు, వచ్చినది సరిగ్గా పోదు. పొద్దున ఒకసారి, ఇంటికి చేరాక ఒకసారి ఫేస్‌వాష్ చాలు. మధ్యాహ్నం జిడ్డుకు టిష్యూతో అద్దుకోండి, లేదా ఉత్త నీళ్ళతో కడుక్కోండి.

ఇక కొనాల్సినవి రెండే. ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్. నైట్ క్రీము, డే క్రీము, సీరమ్, టోనర్, కళ్ళ కింద ఒకటి అంటూ షాపు అమ్మాయి ఆరు పెడుతుంది. ఎలా పెట్టాలో మీకంటే బాగా ఎవరికి తెలుసు, ఒక చీర కొనడానికి వచ్చినవాళ్ళకు మీరూ ఆరు పరుస్తారు కదా!

మాయిశ్చరైజర్ జెల్ గానీ పల్చటి లోషన్ గానీ అయ్యుండాలి, మీ షాపు ఏసీకి, మన ఎండకు అది సరిపోతుంది. వెనకవైపు గ్లిసరిన్, హయాలురోనిక్ యాసిడ్ ఉంటే అవి తడిని పట్టుకుంటాయి. సెరమైడ్స్ చర్మం పై పొరను సరిచేస్తాయి. నియాసినమైడ్ జిడ్డును కాస్త తగ్గిస్తుంది, మచ్చల రంగు కూడా మెల్లగా పలుచన చేస్తుంది. ఇవన్నీ ఒకదాంట్లోనే ఉండాలని లేదు. పేర్లు బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు కాబట్టి, ముందువైపు గొప్పగా వేసిన కుంకుమపువ్వో కలబందో వెనక లిస్టులో చిట్టచివర ఉందంటే అది వాసనకూ బొమ్మకూ వేసినదే. ‘నాన్ కోమెడోజెనిక్’ అని ఉంటే మంచిదే, రంధ్రాలు మూసుకోవని దాని అర్థం. అయితే ఆ మాటకు చట్టంలో కొలత ఏదీ లేదు, కాబట్టి దాని కోసం రెట్టింపు ధర పెట్టకండి. మూడు వందల లోపు సరుకు చాలా మందికి సరిపోతుంది. మొహం కడిగి పూర్తిగా ఆరకముందే, ఇంకా చెమ్మ ఉండగానే రాస్తే సగం క్రీముతోనే పని అవుతుంది. బుగ్గలకు కాస్త ఎక్కువ, ముక్కు దగ్గర తక్కువ. ఒకే క్రీమును మొహమంతా ఒకే మందంలో రాయాలని ఎక్కడా లేదు.

సన్‌స్క్రీన్ మీకు మాయిశ్చరైజర్ కంటే ముఖ్యం, మొహం ఇప్పుడున్న స్థితిలో మరీ ముఖ్యం. ఎస్‌పీఎఫ్ 30 కంటే తక్కువ వద్దు. 30 ఉన్నది ఎండలో చర్మాన్ని కాల్చే యూవీ-బీ కిరణాలను 97 శాతం దాకా ఆపుతుంది, 50 ఉన్నది 98 శాతం. తేడా అంతే, 100 అంకె చూసి మోసపోవద్దు. అంకె కంటే ముందు చూడాల్సింది పీఏ పక్కన మూడు ప్లస్ గుర్తులున్నాయా అన్నది. అది యూవీ-ఏ సంగతి చెబుతుంది. మొహం నల్లబరిచే ఆ కిరణాలు అద్దంలోంచి కూడా వస్తాయి, కాబట్టి షాపు ముందు అద్దాల పక్కన నిలబడే మీకు అవీ తగులుతాయి. చాలామందికి సన్‌స్క్రీన్ పని చేయకపోవడానికి కారణం సరిపడా రాయకపోవడం. బఠానీ గింజంత సరిపోదు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకూ సరిపోతుంది. బయల్దేరడానికి పావుగంట ముందు రాయండి. ఎండలోనే ఉండేవాళ్ళు రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. మీరు లోపల ఉంటారు కాబట్టి పొద్దున ఒకసారి, భోజనానికి బయటికి వెళ్తే అప్పుడు ఇంకోసారి. జింక్ ఆక్సైడ్ ఉన్నవి సున్నితమైన చర్మానికి మంచివే గానీ మన రంగు మీద తెల్లగా బూడిద పూసినట్టు కనిపిస్తాయి. లేత గోధుమ రంగు కలిపినవి దొరుకుతాయి. వాటిలో ఉండే ఐరన్ ఆక్సైడ్ మంగు మచ్చలున్నవాళ్ళకు ఇంకా మేలు చేస్తుంది.

గంధం ఎండను ఆపదు. కొండ మీద గుండు చేయించుకున్నాక గంధం రాసుకుంటే చల్లగా ఉంటుంది, అది నిజమే. కానీ గంధం రాశాం కదా అని నడినెత్తిన ఎండలో తిరిగి నెత్తి కందిపోయినవాళ్ళను తిరుపతిలో ఏ రోజైనా చూడవచ్చు.

కొత్తది ఏది కొన్నా నేరుగా మొహానికి పెట్టవద్దు. మోచేతి మడత లోపల పావలా బిళ్ళంత చోట రోజుకు రెండుసార్లు, వారం పది రోజులు రాసి చూడండి. దురద, ఎరుపు, పొక్కులు లేకపోతే మొహానికి వాడండి. ఇంత ఓపిక ఎవరికుంటుంది అంటారేమో. గంగమ్మ జాతరలో బండ వేషానికి ఒళ్ళంతా కుంకుమ పూసుకున్న పిల్లల్లో ఒకరికి ఏమీ కాదు, ఇంకొకరికి సాయంత్రానికి దద్దుర్లు. కుంకుమలో కలిపే రంగులు కొందరికి పడవు. ఎవరికి పడవో ముందు చెప్పే వీలు లేదు కాబట్టే చేతి మీద చూసుకోమనడం.

మీ అమ్మగారి మాట సగం నిజం. పుట్టు రంగు ఏ క్రీముకూ మారదు. అందరికీ తెలిసిన ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలోకి 1975లో వచ్చింది. 2020లో దాని పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి గ్లో అండ్ లవ్లీ చేశారు. ఇన్నేళ్ళలో దాన్ని రాసుకున్న రెండు మూడు తరాల మొహాలు ఎలా ఉన్నాయో చుట్టూ చూస్తే తెలుస్తుంది. మీ చేయి పైకెత్తి, చంకకు దగ్గరగా లోపలివైపు చూడండి. ఎండ తగలని అక్కడి రంగే మీ రంగు. దానికీ మీ మొహానికీ మధ్య ఉన్న తేడా ఎండ వల్ల వచ్చింది. సన్‌స్క్రీన్ మానకుండా రాస్తే కొన్ని నెలల్లో అది తగ్గుతుంది. దాన్ని దాటి తెల్లబరుస్తామని ఎవరన్నా చెబితే ఆ డబ్బాలో స్టెరాయిడో పాదరసమో ఉందేమో చూసుకోవాలి.

పెరుగు, శనగపిండి మీద నాకు అభ్యంతరం లేదు, మొహం బాగుపడ్డాక. వారానికోసారి రాసుకుని, గట్టిగా రుద్దకుండా నీళ్ళతో కడిగేస్తే తేటగా ఉంటుంది. ఇప్పుడున్న మంట మీద మాత్రం వద్దు. నిమ్మరసం ఎప్పుడూ వద్దు, అది రాసుకుని ఎండలోకి వెళ్తే కాలిన మచ్చలు పడతాయి. కొబ్బరినూనె ఒంటికి మంచిది, జిడ్డు మొహానికి కాదు. ఇక ఎర్రచందనం. శేషాచలం పక్కనే ఉంటాం కాబట్టి మన దగ్గర ప్రతి ఒక్కరూ దాని పేరు చెబుతారు. ప్యాకెట్లో ఎర్రటి పొడి అమ్మితే అది ఏ చెట్టుదో, ఏ రంగు కలిపారో చూసి చెప్పలేం. పైగా అనుమతి లేకుండా ఆ చెట్టును కొట్టడమూ అమ్మడమూ నేరం. మొహం కోసం ఆ గొడవలోకి పోనక్కర్లేదు.

మెడ వెనక నలుపుకు క్రీము వెతకకండి. అక్కడ చర్మం కాస్త మందంగా, ముట్టుకుంటే వెల్వెట్ గుడ్డలా ఉందా? చంకల్లో కూడా అలాగే ఉందా? అయితే అది మురికి కాదు, రుద్దితే ఇంకా నల్లబడుతుంది. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పని చేయనప్పుడు అలా వస్తుంది. షుగర్ పరీక్ష చేయించుకోండి. ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉన్నా, మీకు బరువు పెరిగినా, నెలసరి తప్పుతున్నా ఆ సంగతి కూడా డాక్టర్‌కు చెప్పండి. గడ్డం మీద నూగు ట్యూబు వల్ల వచ్చిందా, హార్మోన్ల వల్ల వచ్చిందా అన్నది కూడా అక్కడే తేలుతుంది. బరువు తగ్గితే ఈ నలుపు చాలామందిలో తగ్గుతుంది.

చివరగా మీ ఆయన. మగవాళ్ళ క్రీము, ఆడవాళ్ళ క్రీము అని వేరే ఏమీ లేదు. పెట్టె రంగు, వాసన మారతాయి, ధర ఇంకాస్త పెరుగుతుంది. మీ ఇద్దరి చర్మం తీరు ఒకటే అయితే ఒకే మాయిశ్చరైజర్, ఒకే సన్‌స్క్రీన్ వాడుకోవచ్చు. ఆయన గడ్డం గీసుకున్న వెంటనే మంట పుడితే వాసన లేనిది చూసుకోవాలి. కానీ ‘నా క్రీమే’ అన్నారు, అది మూడింట్లో ఏదో చెప్పలేదు. ఆ ట్యూబే అయితే ఆయన మొహం సంగతీ చూపించాలి. ఇంకో అనుమానం కూడా ఉంది, మగవాళ్ళు చాలామంది ఇలాంటి ట్యూబును గజ్జల్లో తామరకు రాసేస్తుంటారు. దురద తగ్గుతుంది, తామర మాత్రం లోపల పాకిపోతుంది, తర్వాత మందులకు త్వరగా లొంగదు. సిగ్గుపడి మీకు చెప్పి ఉండకపోవచ్చు, మీరే అడగండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళే రోజు ఆయనకూ ఒక ఓపీ చీటీ రాయించండి.